పైకప్పు లేని పందిరి

మా కొడవలూరు పెంచలకృష్ణ కూతురి పెళ్లికి పందిరి వేయించి, దాని పైకప్పు తీయించేశాడు. అదీ మే నెలలో. నెల్లూరు జిల్లాలో మే నెల ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్లు అదృష్టవంతులు, అలాగే ఉండనివ్వండి. ఎందుకయ్యా ఈ పని అంటే, పైనుంచి డ్రోను చూడాలట. పెళ్లిని చుట్టాలు చూడకపోయినా ఫరవాలేదు గానీ డ్రోను చూడకపోతే పెళ్లే జరగనట్టు.

నా పేరు జయరామయ్య, వంటవాణ్ణి. ఇటు కొడవలూరు నుంచి అటు బుచ్చిరెడ్డిపాలెం దాకా ఎవరింట్లో పెళ్లయినా గాడిపొయ్యి తవ్వేది నేను, ఫొటోలు తీసేది పెంచలకృష్ణ. నేను పందిరి వెనక, అతను పందిరి ముందు. అలా పనిచేస్తూనే ఇద్దరికీ వెంట్రుకలు నెరిశాయి. ఇన్నేళ్లలో నా పప్పు ఎప్పుడు చల్లారిపోయినా దానికి కారణం అతనే. ‘ఒక్క ఫొటో, ఒక్క ఫొటో’ అని పెళ్లివారిని పట్టుకుని కూర్చుంటాడు. ఇక్కడ ఆకులు వేసి, నీళ్లు చల్లి, మొదటి బంతి ఆకలితో నా వైపు చూస్తూ ఉంటుంది. అందుకని అతని గురించి నేను చెప్పేదాంట్లో కొంత కడుపుమంట కలిసి ఉంటుంది. ముందే చెప్పేస్తున్నాను.

మంచి మాట కూడా ముందే చెప్పాలి. రీళ్ల కాలంలో పెంచలకృష్ణ గొప్ప పనివాడు. అప్పుడు అతని దగ్గర ఒక్కటే కెమెరా. దాని తోలు ఊడిపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టించుకున్నాడు. ఒక్కోసారి మీట నొక్కితే పడేది కాదు, అరచేత్తో ఒకటి చరిస్తే పడేది. ఆ డొక్కు కెమెరాతో అతను తీసిన ఫొటోలు మా మండలంలో ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఇప్పుడు దండలు కూడా పడ్డాయి.

మా రైతుల్ని ఫొటో తీయడం అంత తేలిక కాదు. ఆవు పక్కన నిలబడితే మనిషిలా ఉండేవాడు కెమెరా ముందుకు రాగానే కోర్టులో సాక్షి అయిపోతాడు. చేతులు కట్టుకుంటాడు, ఊపిరి బిగబడతాడు. పెంచలకృష్ణ వాళ్లను నవ్వమనేవాడు కాదు. కెమెరా పొట్టమీద ఆనించుకుని, ‘‘మామా, ఈ తూరి కూడా మొలగొలుకుల వడ్లేనా? కాలవకు నీళ్లొచ్చినాయా?’’ అని అడిగేవాడు. అంతే, ఆ మనిషికి కాలవ గుర్తొచ్చి, ఇంజనీరు గుర్తొచ్చి, కెమెరా మర్చిపోయి పెంచలకృష్ణ ముఖంలోకి చూస్తూ తిట్లు మొదలుపెట్టేవాడు. ఆ తిట్టుకూ తిట్టుకూ మధ్యన మీట పడేది. ఆ ఫొటోలో మనిషి బతికున్నట్టు ఉండేవాడు. ఆ రోజుల్లో అతని పనంటే నాకు గౌరవం. ఆ మాట అతనికెప్పుడూ చెప్పలేదనుకోండి.

తర్వాత రీళ్లు పోయాయి, సామాను వచ్చింది. ఒక కెమెరా వచ్చింది, దానికంటే పెద్దది వచ్చింది, దూరానివి, దగ్గరివి, వెడల్పువి అంటూ లెన్సులు వచ్చాయి. కొత్తది ఏది వచ్చినా ముందు నా దగ్గరికే తెచ్చేవాడు. తెచ్చి చూపించేవాడు, చేతికి మాత్రం ఇచ్చేవాడు కాదు. ‘‘నీ చేతికి నూనె ఉంటాదిలే అన్నా’’ అనేవాడు. మనది సముద్రగాలి గదా, లెన్సులకు బూజు పడుతుందని వాటికోసం ఒక కరెంటు బీరువా కొన్నాడు. దాంట్లో దీపం వెలుగుతుంది, చెమ్మ ఎంతుందో ముల్లు చూపిస్తుంది. అతని భార్య రేవతీ, కూతురు భానుప్రియా ఉక్కపోతకు మిద్దె మీద విసనకర్రతో పడుకుంటే, లెన్సులు మాత్రం బీరువాలో హాయిగా నిద్రపోయేవి. ఆ ఇంట్లో బియ్యానికి పురుగు పట్టింది గానీ లెన్సుకు బూజు పట్టలేదు.

‘‘గరిటె బంగారందైతే పప్పుకు రుచొస్తుందా అబ్బయా? చెయ్యి ఉండాల గానీ’’ అన్నాను ఒకసారి.

‘‘నీకేమన్నా, నీ పప్పు తిన్న మర్నాడే మర్చిపోతారు. నా ఫొటో నూరేళ్లు ఉండాల. సామాను లేకుండా నూరేళ్లు యాణ్ణించి వస్తాయి?’’

ఆ మాటకు నాకు ఆ పూట అన్నం సహించలేదు. మనిషికి తన పని గురించి నిజం చెప్పకూడదు, అదీ స్నేహితుడు అసలు చెప్పకూడదు. అప్పటి నుంచి ఏ పెళ్లిలో కలిసినా మా ఇద్దరిదీ ఇదే పాట. చెయ్యి గొప్పదని నేను, సామాను గొప్పదని అతను.

కానీ ఒక సంగతి నేను పందిరి వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. సామాను పెరిగేకొద్దీ పెంచలకృష్ణ కాలవ సంగతి అడగడం మానేశాడు. మనుషుల ముఖాలు చూడడం మానేసి కెమెరా వెనకున్న అద్దంలోకి చూడడం మొదలుపెట్టాడు. ‘మామా’ పోయి ‘సార్, చిన్ను కొంచెం డౌన్’ వచ్చింది. రైతు మళ్లీ సాక్షి అయిపోయాడు. కొత్త ఫొటోల్లో మీసంలో ప్రతి వెంట్రుకా విడివిడిగా కనపడుతుంది, నిజమే. ఆ మీసం గలవాడే ఎక్కడికో వెళ్లిపోయాడు.

ఇలా ఉండగా భానుప్రియకు చిల్లకూరు సంబంధం కుదిరింది. నేను వంటకాల సంగతి మాట్లాడదామని అతని స్టూడియోకు వెళ్లాను. ఆ పిల్లను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. నన్ను పెదనాయనా అంటుంది, నా వంటల్లో వంకాయ తప్ప అన్నీ తింటుంది. నేనక్కడ ఉండగానే వచ్చి వాళ్ల నాయన ముందు నిలబడింది.

‘‘నాయనా, నాకొకటి కావాల.’’

‘‘చెప్పు తల్లీ.’’

‘‘మనింట్లో ఫొటోలన్నిట్లో నేనుండాను, అమ్ముండాది. నువ్వు ఒక్కదాంట్లో కూడా లేవు. తీసేది నువ్వే గదా. పెళ్లిలోనన్నా నువ్వు నన్ను చూస్తా ఉండే ఫొటో ఒకటి కావాల. ఆడ పెట్టుకుంటా.’’

‘ఆడ’ అంటే అత్తగారింట్లో. నేను వచ్చిన వంటకాల సంగతే మర్చిపోయాను. పెంచలకృష్ణ మాత్రం సామాను సంగతి మర్చిపోలేదు. ‘‘పిచ్చిపిల్లా, ఒక ఫొటో ఏంది, సినిమానే తీయిస్తా. నెల్లూరు నుంచి సామాను దింపిస్తా చూడు’’ అన్నాడు. పిల్ల ఒక ఫొటో అడిగితే తండ్రి క్రేను తెప్పిస్తానన్నాడు. దాహం వేస్తుందంటే బోరు వేయిస్తానన్నట్టు.

అన్నంత పనీ చేశాడు. పెళ్లి ముందురోజే వ్యాను వచ్చింది. క్రేను, డ్రోను, గోడంత ఎల్‌ఈడీ తెర, పట్టాల మీద దొర్లే బండి, ఆ బండికి ఇంకో చిన్న బండి. ఆ బృందానికి పెద్ద క్రీస్తురాజు అని నెల్లూరతను. మాట నెమ్మది, నా చారు రెండుసార్లు అడిగి పోయించుకున్నాడు, అందుకని అతన్ని ఏమీ అనను. సామాను పెట్టుకోవడానికి వేసిన షెడ్డు నా వంటషెడ్డు కంటే పెద్దది. పైగా అందులో ఫ్యాన్లు.

పెళ్లిరోజు పొద్దెక్కేసరికి, పైకప్పు లేని పందిట్లో జనం అప్పడాల్లా వేగిపోయారు. ముసలివాళ్లు గొడుగులు విప్పబోతే పెంచలకృష్ణ పెళ్లిపీటల మీద నుంచే కేకేశాడు. ‘‘గొడుగులు విప్పబాకండి, పైనుంచి ఫ్రేము చెడిపోతాది. తువ్వాళ్లు కప్పుకోండి, తెల్లవైతే ఫరవాలేదు.’’ పందిరంటే నీడ కోసం వేసేదని మా తాతల కాలం నుంచీ అనుకుంటున్నాం. కాదట, పందిరంటే కన్నం. ఆ కన్నంలోంచి డ్రోను దిగినప్పుడల్లా దాని గాలికి దీపాలు ఆరిపోయాయి, పసుపూ కుంకుమా లేచి పురోహితుడి ముఖాన పడ్డాయి, పళ్లెంలో అక్షింతలు ఎవరూ చల్లకుండానే ఎగిరిపోయాయి. ఇంతా చేసి పైనుంచి చూస్తే మనుషులకు ముఖాలుండవు, నడినెత్తులే ఉంటాయి. వియ్యంకుడి బట్టతల మాత్రం చాలా స్పష్టంగా వచ్చిందని తర్వాత తెలిసింది.

కన్యాదానం వేళకు నేను పప్పు దించి, చేతులు తుడుచుకుని ముందుకు వెళ్లాను. ఆ పిల్ల పెళ్లి నేను చూడకపోతే ఎలా? చూద్దామంటే కెమెరావాళ్ల వీపులు. వాళ్ల మధ్య సందు చూసుకుని నిలబడ్డాను. రేవతి చెంబుతో నీళ్లు పోస్తోంది, పెంచలకృష్ణ పెళ్లికొడుకు కాళ్లు కడుగుతున్నాడు. చేతులు కాళ్ల మీద, చూపు ఆకాశం మీద.

క్రీస్తురాజు వంగి నెమ్మదిగా చెప్పాడు. ‘‘అన్నా, ఈపొద్దు నువ్వు పెళ్లికూతురి నాయనవి. మా పని మేం చూసుకుంటాం, మా తట్టు చూడబాక.’’

పెంచలకృష్ణ బుద్ధిగా తల ఊపాడు. ఊపిన తల దించకుండానే, ‘‘ఫోకస్ చూసుకున్నావా?’’ అని అడిగాడు.

పిల్ల చేతులు పెళ్లికొడుకు చేతుల్లో పెట్టి ధార పోసేటప్పుడు భానుప్రియ కళ్లనీళ్లు పెట్టుకుంది. తలెత్తి వాళ్ల నాయన వైపు చూసింది. సరిగ్గా అప్పుడే డ్రోనుకు బ్యాటరీ అయిపోయి కిందికి దిగిపోయింది. పెంచలకృష్ణ కూడా దాంతోపాటే కిందికి చూశాడు, దాని వైపు.

‘‘అయ్యవారూ, ఇంకోసారి పోద్దాం. పైనుంచి రాలేదు’’ అన్నాడు.

పురోహితుడు ముఖాన పడిన కుంకుమ తుడుచుకుంటున్నవాడల్లా ఆగాడు. ‘‘కన్యాదానం ఒక్కసారే చేస్తారు నాయనా. రెండోసారి ఇయ్యాలంటే మొదట ఇచ్చింది వెనక్కి తీసుకోవాల. తీసుకుంటావా?’’

చిల్లకూరు వాళ్ల వైపు గుసగుసలు లేచాయి. చివరకు మంత్రాలు లేకుండా, ఉత్త నీళ్లు పోసేట్టు ఒప్పందం కుదిరింది. పిల్ల మళ్లీ చేతులు చాపింది. ఈసారి కళ్లల్లో నీళ్లు లేవు. అవి అయిపోయాయి, వాటికి రెండో బ్యాటరీ ఉండదు. పెంచలకృష్ణ పైకి చూస్తూ, ‘‘కొంచెం ఎమోషన్ తల్లీ’’ అన్నాడు. ఆ క్షణాన నా చేతిలో గరిటె లేకపోవడం అతని అదృష్టం.

తాళి కట్టేటప్పుడు ఇక సందు కూడా దొరకలేదు. నలుగురైదుగురు కెమెరావాళ్లు గోడ కట్టేశారు. జనమంతా ఎల్‌ఈడీ తెర వైపు తిరిగి కూర్చున్నారు. గట్టిమేళం మోగి ఆగిపోయింది కూడా, తెర మీద పెళ్లికొడుకు ఇంకా ముడి వేస్తూనే ఉన్నాడు. బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుందట. తెర మీద ముడి పడ్డాక అందరూ లేచి తెర మీదికే అక్షింతలు విసిరారు. పెళ్లికూతురు పక్కనే పీటల మీద ఉంది. అయినా తెర మీద ఇంకా పెద్దగా కనపడుతోంది గదా. నేను కూడా తెర మీదికే విసిరాను. చేతిలో అక్షింతలు ఎటో ఒకవైపు పోవాలి.

భోజనాలు ఎప్పుడయ్యాయో, పప్పు ఏ స్థితిలో ఉందో చెప్పను. దాన్ని కత్తితో కోసి వడ్డించారని మాత్రం విన్నాను.

పదహారు రోజుల పండుగ అయ్యాక భానుప్రియ మొగుడితో పుట్టింటికి వచ్చింది. ఆ పిల్లతో పంపాల్సిన సారెకు అరిసెలు, లడ్లు చేయడానికి నన్ను పిలిచారు. ఆరోజే ఆల్బం కూడా వచ్చింది. ఆల్బం అంటే పుస్తకం అనుకునేరు. మఖమలు పెట్టె, దాని మూత తీస్తే లోపల దీపం వెలుగుతుంది. అల్లుడు, క్రీస్తురాజు మనిషి చెరో పక్కా పట్టుకుని దాన్ని ఇంట్లోకి దించారు. భోజనాలయ్యాక అల్లుడు నిద్రపోయాడు. భానుప్రియ నడవలో చాప మీద కూర్చుని ఆల్బం తిప్పుతోంది. నేను అక్కడే అరిసెలు ఆరబెడుతున్నాను.

ఫొటోలు బాగున్నాయి. అబద్ధమెందుకు చెప్పాలి, మెరిసిపోతున్నాయి. ఎండకు మాడిపోయిన మేనత్తలు కూడా పాలమీగడలా ఉన్నారు. పిల్ల చివరిదాకా తిప్పింది. మళ్లీ మొదటి నుంచి తిప్పింది. పెంచలకృష్ణ ఎదురుగా కుర్చీలో కూర్చుని మెప్పు కోసం కాచుకుని ఉన్నాడు.

‘‘నాయనా, నువ్వు నన్ను చూస్తా ఉండే ఫొటో యాడుండాది?’’

‘‘ఉండకుండా ఎట్టా తల్లీ, ఇటియ్యి’’ అని ఆల్బం లాక్కున్నాడు. కన్యాదానం తీశాడు. కూతురు తండ్రిని చూస్తోంది, తండ్రి కొబ్బరిచెట్టుకు కాయలెన్నున్నాయో చూస్తున్నవాడిలా పైకి చూస్తున్నాడు. అప్పగింతలు తీశాడు. కూతురు భుజం మీద పడి ఏడుస్తోంది, అతని చెయ్యి ఆమె వీపు మీదే ఉంది, కళ్లు మాత్రం క్రేను మీద. ఇంకోటి తీశాడు. ఇంకోటి. తర్వాత ఆల్బం మూసేసి, ఇవి ఏరినవేలే, అసలువన్నీ కంప్యూటర్లో ఉన్నాయని లోపలికి వెళ్లాడు. నా అరిసెలన్నీ ఆరి, బుట్టకెత్తినా అతను బయటికి రాలేదు. లోపల క్రీస్తురాజుకు ఫోను చేస్తున్నట్టు వినపడింది. స్పీకరు పెట్టాడేమో, అవతలి మాట కూడా వినపడింది. ‘‘ఒక్కటన్నా ఉంటే నేనే ముందర పేజీలో పెడదును గదన్నా.’’

బయటికి వచ్చాక అతని ముఖం చూస్తే, ఇన్నేళ్లుగా నోట్లో దాచుకున్న ఎగతాళి మింగేశాను. నాకు జాలి వేసింది. వేలవేల ఫొటోల్లో ఆ పిల్ల వాళ్ల నాయన కోసం వెతుక్కుంటోంది. ఆయన అన్నిట్లోనూ ఉన్నాడు, ఒక్కదాంట్లోనూ లేడు.

‘‘మళ్లా తీద్దాం తల్లీ. ఆ చీరే కట్టుకో. లైట్లు పెడతా, పెద్ద లెన్సు...’’

‘‘వద్దులే నాయనా’’ అంది భానుప్రియ. కోపంగా అని ఉంటే అతను వాదించేవాడు. మామూలుగా అంది. అని, లేచి మొగుడికి కాఫీ పెట్టడానికి వెళ్లింది.

ఎండ దిగాక కారు వచ్చింది. సారె బుట్టలు ఎక్కించే పని నాదీ పెంచలకృష్ణదీ. అరిసెల బుట్ట బరువు, రెండు చేతులా ఎత్తి గడ్డానికి ఆనించుకుంటే తప్ప నడవలేం. అతను అలా దాన్ని మోసుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు తొందరపడి బండి కదిలించాడు. భానుప్రియ అద్దం దించి, ‘‘నాయనా’’ అంది. పెంచలకృష్ణ ఆగి కూతుర్ని చూశాడు. చేతుల్లో కెమెరా లేదు. ఉన్నా లాభం లేదు, రెండు చేతులూ అరిసెలకే సరిపోయాయి.

‘‘ఎండలు బాగుండాయి, మంచినీళ్లు తాగతా ఉండు తల్లీ’’ అన్నాడు. 

పిల్ల చేతిలో ఫోను ఎప్పుడెత్తిందో, ఎప్పుడు నొక్కిందో మేం చూడలేదు. కారు కొంత దూరం పోయి ఆగింది, బుట్ట ఎక్కించాం, వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే నా ఇంటికి వచ్చి ఫోను చూపించాడు. పిల్ల పంపిన ఫొటో. అతనే ఒక్కో తప్పూ వేలుపెట్టి చూపించాడు. వెనక నుంచి సాయంత్రపు ఎండ కొట్టి ముఖం నల్లబడిందట. కారు కదిలి బొమ్మ అలికినట్టయిందట. గేటు ఒక పక్కకు వాలిపోయిందట. ఒక మూల పిల్ల బొటనవేలు. గడ్డం బుట్ట మింగేసింది. నా అరిసెలు మాత్రం బాగా పడ్డాయి.

‘‘అయితే తీసెయ్యి మరి’’ అన్నాను.

అతను ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఒకరోజు స్టూడియోకు వెళ్తే, పెళ్లయినప్పటి నుంచీ ముందుగోడ మీదున్న డ్రోను ఫొటో ఫ్లెక్సీ లేదు. దాని చోట ఈ ఫొటో, తేకుచెక్క ఫ్రేములో.

మనిషేమీ మారిపోలేదు. మొన్ననే ఇంకో లెన్సు తెచ్చి చూపించాడు, చేతికి ఇవ్వలేదు. కానీ గరిటె సంగతి నేనెత్తలేదు, నూరేళ్ల సంగతి అతనెత్తలేదు. సామాను గొప్పదా చెయ్యి గొప్పదా అని జీవితమంతా కొట్టుకున్నాం గదా, ఆ గోడమీది దాంట్లో సామానూ లేదు, చెయ్యీ లేదు. ఇక ఇద్దరం ఏం మాట్లాడతాం?

స్టూడియోకు వచ్చినవాళ్లంతా దాన్ని చూసి, ఇంత దరిద్రంగా ఎవరు తీశారన్నా అని అడుగుతారు. ‘‘మా పాప’’ అంటాడు. ఏ కెమెరా అని కూడా అడుగుతారు. ఆ ఫొటోలో ఆయన ఎవర్ని చూస్తున్నాడని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఆ ముఖం చూస్తే తెలిసిపోతుంది.